కాటన్ దొర దేవుణ్ణి కూడా తలుచుకుందాం: జయంతి కమిటీల పెద్దలకు బహిరంగ లేఖ

గోదావరి డెల్టా నీటి సంఘాల అధ్యక్షులకు, ఊరూరా కాటన్ జయంతి జరిపే కమిటీల పెద్దలకు,

నమస్కారం.

నేను కోనసీమ శివారు ఊళ్లో ముప్పై ఏళ్లకు పైగా బడిపంతులుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మాది తరతరాలుగా కాలువ నీటి మీద బతికిన వ్యవసాయ కుటుంబం. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్ పేరున ఏటా మే 15న మీరు చేసే జయంతికి పిలిచినా పిలవకపోయినా వస్తాను. మీలో కొందరు నా దగ్గర చదువుకున్నవాళ్లే కాబట్టి ఈ మాట ఇంటికొచ్చి చెప్పొచ్చు. కానీ ఇది ఒక్క మా ఊరి సంగతి కాదనిపించి, అందరికీ చేరేలా రాస్తున్నాను.

కిందటేడు జయంతి నాడు మా ఊరి కాలువ గట్టు మీద ఎప్పటిలాగే షామియానా వేశారు, మైకు పెట్టారు. విగ్రహానికి కొత్త రంగు వేయించారు. దండలు వేయడం అయ్యాక ఒక కుర్రాడు బిందెతో పాలు తెచ్చాడు. పెద్దలంతా తలో చెంబూ పోశారు. ఆ పాలు దొర టోపీ మీంచి, కోటు మడతల మీంచి జారి, దిమ్మ మీద పేరు చెక్కిన రాయిని తడిపి, గట్టు వాలులోంచి కాలువలోకి దిగాయి. కాలువలకి నీళ్లు ఆపేసిన రోజులు కదా, అడుగున చుక్క నీరు లేదు. ఎండి నల్లబడిన గుర్రపుడెక్క, దాని మధ్య ఖాళీ సీసాలు, ఒక చిరిగిన ఎరువుల బస్తా. పాలు ఆ బస్తా మీద కాసేపు నిలిచి ఇంకిపోయాయి.

అప్పుడు చూశాను, జనం వెనక నిద్రగన్నేరు చెట్టు కింద మా పేటలో ప్రార్థన మందిరం నడిపే పాస్టరుగారు నిలబడి ఉన్నారు. ఉతికిన తెల్ల చొక్కా, చేతిరుమాల్లో చుట్టిన బైబిలు. దగ్గరకి వెళ్లి, "ఇక్కడే నిలబడ్డారేం, ముందుకి రండి" అన్నాను. "ఫరవాలేదు మాస్టారూ. దొరగారి పేరున చిన్న ప్రార్థన చేద్దామని వచ్చాను. అడిగాను. టైము లేదన్నారు" అన్నారు. అప్పటికి వేదిక మీద ఏడుగురు మాట్లాడారు, ఇంకా నలుగురు మాట్లాడాలి. ఆయన నొచ్చుకున్నట్టు కూడా కనిపించలేదు. చెప్పులు విడిచి, చెట్టు మొదట్లోనే కళ్లు మూసుకుని పెదవులు కదుపుతూ ఒక నిమిషం నిలబడ్డారు. తరవాత నాకు దణ్ణం పెట్టి, సైకిలు నడిపించుకుంటూ వెళ్లిపోయారు.

ఎవరూ కావాలని చేసిన పని కాదని నాకు తెలుసు. ఎండ ముదురుతోంది, భోజనాలు చల్లారిపోతున్నాయి, నాయకులు ఇంకో ఊరు పోవాలి. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అక్కడ పోగైన అంత మందిలో కాటన్ నమ్మిన దేవుణ్ణి, కాటన్ ప్రార్థించిన పద్ధతిలో ప్రార్థించినవాడు ఆయనొక్కడే. ఆయనకే మనం చోటివ్వలేదు.

కాటన్ దొర గారు పరమ భక్తుడు. ఈ మాట మన జయంతి సభల్లో నేను ఒక్కసారి కూడా వినలేదు. మహా ఇంజనీరు అంటాం, అపర భగీరథుడు అంటాం. అన్నదాత, ప్రాణదాత అంటాం. అన్నీ నిజమే. కానీ ఆయన పొద్దున లేచి ఎవరికి మోకరిల్లేవాడో, ఏ పుస్తకం చదువుకునేవాడో, ఆ నమ్మకానికీ మన ఆనకట్టకీ సంబంధం ఏమిటో మాట్లాడం. ఆయన తెచ్చిన నీళ్లు తీసుకుని, ఆయన దేవుణ్ణి మాత్రం గట్టు అవతలే వదిలేశాం.

నాకు మాత్రం ముందే తెలుసని చెప్పడం లేదు. చిన్నప్పుడు కార్తీకంలో మా తాతయ్య నన్ను కోటిపల్లి రేవుకి తీసుకెళ్లేవాడు. మోకాటి లోతు నీళ్లలో నిలబెట్టి పురోహితుడు సంకల్పం చెప్పేవాడు. నోరు తిరగని ఆ మంత్రాల మధ్య హఠాత్తుగా ఒక పేరు వచ్చేది:

నిత్య గోదావరీ స్నాన పుణ్యదో యో మహామతిః
స్మరామ్యాంగ్లేయదేశీయం కాటనుం తం భగీరథమ్

"కాటను ఎవరు తాతా?" అంటే, "మనకి నీళ్లు తెచ్చిన దొర. తల ముంచు" అన్నాడు. అంతకన్నా చెప్పలేదు. చలికి వణుకుతున్న నేనూ అడగలేదు.

ఆ శ్లోకం అర్థం పెద్దయ్యాక గాని పూర్తిగా ఎక్కలేదు. రోజూ గోదావరిలో స్నానం చేసే పుణ్యాన్ని మనకిచ్చిన ఆ మహామతిని, ఇంగ్లీషు దేశానికి చెందిన కాటన్ అనే ఆ భగీరథుణ్ణి స్మరిస్తున్నాను అని. రేవుకి ఆమడ దూరాన ఉన్న ఊళ్లకి గోదావరి స్నానమంటే ఏ పర్వదినానికో, పుష్కరానికో. కాలువలు తవ్వాక ఆ గోదావరే పెరటి మెట్ల దగ్గరికి వచ్చింది. పొలం తడిసింది సరే, ఒళ్లు తడుపుకునే పుణ్యం కూడా రోజూ దొరికింది. అందుకే 'నిత్య' అన్నారు. సముద్రం దాటి వచ్చినవాణ్ణి ఇంట్లోకి రానివ్వని రోజుల్లో, సముద్రం అవతల పుట్టిన క్రైస్తవుడి పేరుని స్నాన సంకల్పంలో చేర్చిన మన పెద్దల మనసు ఎంత పెద్దదో చూడండి. వాళ్లు ఆయన్ని తమ మంత్రంలోకి పిలిచారు. మనం ఆయన ప్రార్థనకి ఒక నిమిషం ఇవ్వలేకపోయాం.

మా ఇంట్లో దేవుడి మందసం పక్కనే కాటన్ పటం ఉండేది. మా నాయనమ్మ అన్ని పటాలతోపాటు ఆ అద్దానికీ బొట్టు పెట్టేది. ఆ దొర విగ్రహారాధన ఒప్పని మతస్థుడని ఆవిడకి తెలియదు. తెలిసినా పెట్టేదేమో. ఆవిడ భక్తి ఆవిడది. నేను దాన్ని తప్పు పట్టను, మీ పాలాభిషేకాన్నీ తప్పు పట్టను. నా బాధల్లా ఆ దొర భక్తి మాత్రం ఎవరికీ పట్టకుండా పోయిందని.

నలభై దాటాక ఒకసారి బడి పిల్లల్ని ధవళేశ్వరం కాటన్ మ్యూజియానికి తీసుకెళ్లాను. ఆనకట్ట నమూనాల దగ్గర ఒక పిల్ల అడిగింది, "మాస్టారూ, ఈయనకి మన మీద ఇంత ప్రేమ ఎందుకండీ?" అని. జవాబు తోచలేదు. ఆయన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. జీతానికి వచ్చినవాడు. ఆ ప్రశ్న పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. ఆయన పోయిన మరుసటేడు, 1900లో, ఆయన పెద్ద కూతురు ఎలిజబెత్ తండ్రి జీవిత చరిత్ర అచ్చు వేయించింది. ఆమెని లేడీ హోప్ అంటారు. తాగుడు మాన్పించడానికి పనివాళ్ల కోసం కాఫీ గదులు నడిపి, ఊరూరా సువార్త చెప్పిన మనిషి. ఇంట్లో తండ్రి ఎలా బతికాడో బిడ్డలో కొంత కనిపిస్తుంది కదా.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. పదకొండు మంది అన్నదమ్ముల్లో పదోవాడు. పద్దెనిమిదేళ్లకి, 1821లో, మద్రాసులో దిగాడు. బర్మా యుద్ధానికి వెళ్లొచ్చాడు. యౌవనంలోనే విశ్వాసం ఆయన్ని గట్టిగా పట్టుకుంది. ఆదివారం చర్చికి వెళ్లి సోమవారం మరచిపోయే బాపతు కాదు. దేవుడు తనని ఒక పని మీద పంపాడని, ఆ పని లెక్క ఒక రోజు అప్పజెప్పాలని నమ్మిన మనిషి. చెరువులు, నదుల శాఖలో ఆ పని దొరికింది. తంజావూరు వైపు కొల్లిడం నది మీద రెండు ఆనకట్టలు 1836 నాటికి కట్టించాడు.

అక్కడే ఆయన కావేరి మీద చోళులు కట్టిన కల్లణని చూశాడు. ఇసకలో రాళ్లు పేర్చి, వందల ఏళ్లుగా చెక్కు చెదరకుండా నిలిచిన కట్టడం. చాలా ఏళ్ల తరవాత ఇంగ్లండులో మాట్లాడుతూ, అడుగు దొరకని ఇసకలో పునాది ఎలా నిలబెట్టాలో తాము ఈ దేశపు పూర్వుల దగ్గరే నేర్చుకున్నామని ఒప్పుకున్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. పాతవాళ్లు కట్టిపెట్టిన వాటికి కనీసం మరమ్మతు చేయించలేని తమ వాళ్లని చూసి, వీళ్లకి యుద్ధం తప్ప ఏమీ రాదు, నాగరికుల్లా కనిపించే అనాగరికులు అని ఇక్కడి జనం అనుకున్నారని. ఏలేవాళ్లలో ఒకడై ఉండి, నిండు సభలో ఆ మాట అనడానికి ఎంత వినయం కావాలి! తన దేవుడి ముందు రోజూ తల వంచినవాడు గనకే, కల్లణ ముందూ వంచగలిగాడనిపిస్తుంది నాకు.

ఇక మన గోదావరి. 1832–33లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన డొక్కల కరువు గురించి మన ముత్తవ్వల కాలం దాకా చెప్పుకునేవారు. గుంటూరు ప్రాంతంలో ఐదు లక్షల జనంలో రెండు లక్షల మంది పోయారని నాటి లెక్కలు. 1839లో కోరంగి మీద పడ్డ ఉప్పెన మిగిలిన ఊళ్లని ఊడ్చేసింది. గోదావరి జిల్లాలో 1821లో 7,38,308 మంది ఉంటే, ఇరవై ఏళ్లకి, 1841లో, 5,61,041 మందే ఉన్నారు. పక్కనే నది. ఏటా వరదలో అంత నీరు సముద్రంలోకి పోతోంది. వరద రోజుల్లో గోదావరిలో ఒక్కనాడు పారే నీరు, థేమ్స్ నదిలో ఏడాదంతా పారే నీటితో సమానమని కాటన్ వాదించేవాడు.

1844లో ఆయన ఈ డెల్టా అంతా తిరిగి చూశాడు. జాలి అందరికీ ఉంటుంది. గంజి కేంద్రం పెట్టించేవాడికి ఉంటుంది, కాటికి కట్టెలిచ్చేవాడికి ఉంటుంది. కాటన్ దయ అలాంటిది కాదు, చాలా మొండిది. నీళ్లు కళ్ల ముందు పారుతుండగా మనుషులు ఆకలితో చావడం దైవనిర్ణయం అని ఆయన ఒప్పుకోలేదు. దేవుడు నీళ్లిచ్చాడు, పొలాలకి మళ్లించకపోవడం మనిషి చేసిన పాపం అన్నది ఆయన లెక్క. ఇంత భక్తి ఉన్న మనిషి కరువుని దేవుడి మీదకి నెట్టకపోవడమే నాకు ఆయనలో అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. మనలో ఎంతమందిమి తలరాత అని చేతులు దులుపుకోం?

ఆ దయని ఆయన మద్రాసు ఆఫీసుకి అర్థమయ్యే భాషలో రాశాడు. ఆనకట్ట కడితే శిస్తు ఎంత పెరుగుతుంది, పెట్టిన డబ్బు ఎన్నాళ్లకి తిరిగొస్తుంది అని. ఇది చూపించి, కంపెనీ లాభానికే కదా కట్టింది అనేవాళ్లున్నారు. కంపెనీ ఒప్పుకున్నది లాభానికే, అందులో సందేహం లేదు. పరాయి పాలనని నేను వెనకేసుకురావడం లేదు. ఆ కరువుల్లో దాని పాపం దానికుంది. కాని ఆ రాబడి లెక్కలు రాసిన చెయ్యి ఎవరిదో, ఎవరి కోసం రాసిందో కూడా చూడాలి.

1847లో పని మొదలైంది. నది తగ్గే నెలల్లోనే కట్టాలి, అంటే మన మండుటెండల్లో. ధవళేశ్వరం కొండ రాయిని పట్టాల మీద బళ్లలో దించి నదిలోకి చేర్చారు. వేలమంది కూలీలు. వాళ్లని పోగుచేసి, నిలుపుకుని, పని నడిపించిన వీణెం వీరన్నని మన సభల్లో ఒక వాక్యంలో తేల్చేస్తారు. వీరన్న లేకపోతే ఆనకట్ట లేదని దొరే అనేవాడని మా పెద్దలు చెప్పుకునేవారు. 1848లో కాటన్ ఆరోగ్యం ఎండకి పూర్తిగా దెబ్బతింది. సెలవు మీద దేశం విడిచి వెళ్లాల్సొచ్చింది. ఆయన లేనన్నాళ్లూ కెప్టెన్ ఆర్ అనే అధికారి పని చూశాడు. 1850లో కాటన్ తిరిగొచ్చాడు. రావాల్సిన అవసరం లేదు, ఒంట్లో బాగా లేదని ఏ ఆఫీసులోనో కూర్చోవచ్చు. మళ్లీ ఆ ఇసక దిబ్బల మీదకే వచ్చాడు. 1852 నాటికి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భుజాలు, అన్నీ కలిపి సుమారు 12 వేల అడుగుల ఆనకట్ట నిలబడింది.

1876–78లో దక్షిణాదిని మహా కరువు కాల్చేసినప్పుడు, ఈ డెల్టా పండింది. అంతకుముందు నలభై ఏళ్ల కిందట జనం ఖాళీ అయిపోయిన నేల ఇదే.

ఆయన మాత్రం సంతోషపడి కూర్చోలేదు. ఉద్యోగం మానేసి ఇంగ్లండు చేరినా, సర్ బిరుదు వచ్చినా, మిగతా దేశంలో చచ్చిపోతున్నవాళ్ల సంగతి వదల్లేదు. 1878లో, డెబ్బై ఐదేళ్ల వయసులో, పార్లమెంటు కమిటీ ముందు నిలబడ్డాడు. రైళ్ల మీద పోసే డబ్బులో కొంత కాలువల మీద పెట్టండి, నీళ్లు పొలానికీ వస్తాయి, పడవలకీ వస్తాయి అని వాదించాడు. వాళ్లు గుచ్చి గుచ్చి అడిగారు. చివరికి ఆయన మాట ఒప్పుకోలేదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ మాత్రం ఆయన పక్షాన గట్టిగా నిలబడింది. ఆవిడ గురించి ఎన్నో ఏళ్లు పాఠం చెప్పాను. సైనికుల మధ్య దీపం పట్టుకుని తిరిగిన కథ చెప్పాను గాని, మన నీళ్ల కోసం మాట్లాడిందని పిల్లలకి ఒక్కసారీ చెప్పలేదు. ఆ లోటు నాకిప్పటికీ ఉంది.

ఓడిపోయాక కూడా ఉత్తరాలు, కరపత్రాలు రాస్తూనే ఉన్నాడు. ముసలితనంలో డార్కింగ్‌లో తన ఇంటి నేలనే లోతుగా తవ్వించి గోధుమ పండిస్తూ, ఇంత నేలలో ఎంత గింజ ఎక్కువ తీయొచ్చో చూసేవాడు. తొంభై దాటినా ఆకలి గురించే ఆలోచన. 1899 జులై 24న, తొంభై ఆరేళ్ల వయసులో కన్నుమూశాడు.

ఆ పిల్ల అడిగిన ప్రశ్నకి ఇప్పుడు నా దగ్గర జవాబుంది. ఆయన తన దేవుణ్ణి ప్రేమించాడు. ఆ దేవుడు తనకి అప్పజెప్పిన జనం మనమని నమ్మాడు. మనం ఆయన మతం వాళ్లం కాదు, భాష వాళ్లం కాదు, మన గుళ్లూ గోపురాలూ ఆయనకి అర్థమయ్యాయో లేదో తెలియదు. తన మతమే సత్యమని నమ్మినవాడే, మన ఊళ్లలో మిషనరీల పనిని ఇష్టపడ్డవాడే. అయితే తూము దగ్గర నీళ్లు వదిలేటప్పుడు నువ్వు ఎవరిని మొక్కుతావని అడగలేదు. కాలువ అగ్రహారం పక్కనుంచీ పారింది, పేట పక్కనుంచీ పారింది.

పెద్దలారా, భక్తుడైన మనిషిని తలుచుకోవడానికి ఒక మర్యాద ఉంటుందని నాకనిపిస్తుంది. మా తాతయ్య తద్దినానికి ఆయన ఇష్టపడ్డ కూరలు వండుతాం, ఆయన చదివే భాగవత పద్యాలు చదువుతాం. మనకిష్టమైనవి చేసి ఆయన పేరు పెట్టం. కాటన్‌కి కూడా ఆ మర్యాద దక్కాలి. వచ్చే మే 15న, మైకు ముందుకి మొదట పాస్టరుగారిని పిలవండి. ఐదు నిమిషాలు ఇవ్వండి. కాటన్ చదువుకున్న పుస్తకంలోంచి నాలుగు వాక్యాలు చదివి ప్రార్థన చేస్తారు. ఆ వెంటనే మన పురోహితుడు ఆ గోదావరి శ్లోకం చదవాలి. ఈ రెండూ పక్కపక్కన వినపడితే చాలు, తరవాత ఉపన్యాసాలు ఎన్నయినా పెట్టుకోండి. మతాల మధ్య చిచ్చు వస్తుందని కొందరు టెన్షన్ పడొచ్చు. నూరేళ్లకు పైబడి ఆయన పేరు మన సంకల్పంలో ఉంటే రాని చిచ్చు, ఐదు నిమిషాల ప్రార్థనకి ఎందుకొస్తుంది?

డొక్కల కరువులో పోయినవాళ్ల కోసం ఒక నిమిషం మౌనం కూడా పాటిద్దాం. వాళ్లకి దిమ్మ లేదు, పేరు లేదు. కాటన్‌ని కదిలించింది వాళ్లే. అలాగే వీరన్న పేరు, రాళ్లు మోసినవాళ్ల మాట పిల్లల చేత చెప్పించండి. నేను రాసిచ్చి, నేర్పిస్తాను. దానికి నాకు డబ్బు అక్కర్లేదు, శాలువా అసలే వద్దు.

ఇంకొకటి ఉంది, దీన్ని గట్టిగానే అడుగుతున్నాను. జయంతి వచ్చేది సరిగ్గా కాలువలకి నీళ్లు ఆపేసినప్పుడు. పూడిక తీయడానికి, గుర్రపుడెక్క ఏరడానికి ఏడాదిలో దొరికేది ఆ నెల రోజులే. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చినప్పుడు, కాలువ ఇక రైతు చేతికి వచ్చిందని మా నాన్న ఎంతో సంబరపడ్డాడు. ఇవాళ మా శివారు చేలకి దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీరందడం లేదు. వంతు నీటి కోసం రాత్రిళ్లు తూము దగ్గర టార్చిలైటు పట్టుకుని కాపలా కాస్తున్నాం. పైనుంచి నీరు రాకపోవడం ఒక్కటే కారణం కాదు, మధ్యలో కాలువ మూసుకుపోయింది. కాలువలు కనిపెట్టి చూసే లస్కర్లు చాలినంత మంది లేరు, ఉన్నవాళ్లు ముసలివాళ్లయ్యారు. బిల్లులు, టెండర్లు, నిధుల కష్టాలు మీకున్నాయని తెలుసు. కాని పూర్వులు కట్టినదానికి మరమ్మతు చేయించలేకపోయాం అని ఆ దొర తన జాతి గురించి సిగ్గుపడి చెప్పిన మాటని, మన గురించి ఇంకెవరో చెప్పే రోజు రాకూడదు.

అందుకని జయంతి నాటి పొద్దున్న ఆరు గంటలకి, దండలకి ముందే, విగ్రహం ఎదురుగా ఉన్న కాలువలోకి దిగుదాం. వంద గజాలు చాలు. పారలు, కొంకి కత్తులు ఎవరివి వాళ్లు తెచ్చుకుందాం. నాకు మోకాళ్ల నొప్పులు, అడుగుకి దిగలేను. గట్టు మీద నిలబడి గంపలు అందుకుంటాను. కిందటేడు చెట్టు కింద ప్రార్థించిన పాస్టరుగారిని మొన్న కలిసి ఈ సంగతి చెప్పాను. "ముందు పని చేద్దాం మాస్టారూ, తరవాత టైము ఉంటే ప్రార్థన" అన్నారు. వాళ్ల పేటనుంచి పదిహేను మంది కుర్రాళ్లని తీసుకొస్తానన్నారు.

పాలు తెచ్చే కుర్రాడు నా పాత విద్యార్థి కొడుకే. వాడితోనూ మాట్లాడాను. ఈసారి ఆ పాలు కాచి పిల్లలకి తలో గ్లాసూ ఇద్దామంటే సరేనన్నాడు. కమిటీ ఒప్పుకుంటేనే సుమా.

మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను. వేదిక మీద నాకు చోటు అక్కర్లేదు. పాస్టరుగారికి మాత్రం ముందు వరసలో ఒక కుర్చీ వేయించండి. ఆయన్ని నేనే వెంటబెట్టుకుని తీసుకొస్తాను.

ఇట్లు,
మీ శివారు ఊరి పాత మాస్టారు